చేతులు వెనక్కి పెట్టుకున్న పిల్ల

మా శ్రీహితకు కన్నతల్లి మీద పాణం లేదట. ఈ సంగతి కనిపెట్టడానికి వాళ్లకు ఇరవై ఒక్క నిమిషాలు పట్టింది. మా ఆయన ఓదెలు కార్వాన్‌ల పుట్టి బర్రెల నడుమనే పెరిగిన మనిషి. కొత్త బర్రె ఇంటికొస్తే, అది మనకు అలవాటైందా లేదా అని అడిగితే పదిహేను రోజులు ఆగుమంటడు. పెద్ద చదువు చదవలేదు కదా, అందుకే అంత టైం పడ్తది.

రిపోర్టు నాలుగు పేజీలు, ఇంగ్లీషుల. నేను కోఠిల డిగ్రీ చేసిన. సైకాలజీ ఒక సబ్జెక్టు కూడ ఉండె. ఆ చదువు ఇన్నేండ్లకు ఇట్ల అక్కరకొచ్చింది. శ్రీహిత కన్నతల్లి, మా చెల్లె లావణ్య చాప మీద కూసోని చిక్కుడుకాయలు తుంచుతుంటే, దాని ముంగట నిలబడి ఒక్కొక్క ముక్క తెలుగుల చెప్పిన.

"తల్లి గదిల నుంచి బయటికి పోయినప్పుడు పిల్ల ఏడవలేదు. తల్లి తిరిగి వచ్చినప్పుడు ఎదురు పోలేదు. వెనక్కి జరిగింది. చేతులు వీపు వెనక దాచుకున్నది. చూపు పక్కకు తిప్పుకున్నది. తల్లి కూడ పిల్లను ఎత్తుకునే ప్రయత్నం చేయలేదు. పిల్ల నోట తల్లిని పిలిచే మాట ఒక్కటి కూడ వినబడలేదు."

"కింద ఏందో పెద్ద అక్షరాలల్ల ఉన్నదిగా అక్కా?"

"అవాయిడెంట్ అని రాసిన్రు."

"అంటే?"

"తప్పించుకునేది అని."

"ఎవల నుంచి?"

అది కాయలు తుంచుడు ఆపలేదు. పీచు ఇటు, కాయ అటు పడుతున్నయి, కొంచెం సేపటికి రెండూ ఒకే గిన్నెల పడుతున్నయి.

"రేపే పోయి ఉద్యోగానికి రాజీనామా ఇస్త," అన్నది.

నాకు తల మండింది. ఎందుకంటే కొమురమ్మకు కావాల్సింది కూడ గదే.

కొమురమ్మ లావణ్య అత్త. మలక్‌పేటల ఇల్లు, ఒక్కడే కొడుకు రవీందర్, వానికి మొబైల్ రిపేరు దుకాణం. లావణ్య ఒక ప్రైవేటు దవాఖానల ల్యాబ్ టెక్నీషియన్. రక్తాలు, తెమడలు పరీక్ష చేస్తది. పెండ్లి చూపులప్పుడు "ఉద్యోగం చేసే పిల్ల, మస్తుంది" అని మురిసిన నోరే, పిల్ల పుట్టినంక "తల్లి ఉండి లేనట్టే" అని మొదలు పెట్టింది. పిల్లకు అయిదో నెలల నిమ్ము చేసి వారం రోజులు దవాఖానల పడితే, "నువ్వే తెచ్చినవ్ ఆ రోగం, నీ ల్యాబుల నుంచే" అన్నది. రవీందర్ మంచోడే, కాని ఆమె ముంగట వాని నోట్లె నాలుక ఉండదు. ఎనిమిదో నెలల లావణ్య పిల్లను ఎత్తుకొని మా ఇంటికొచ్చింది. ఇప్పుడు పిల్లకు పందొమ్మిది నెలలు. పదకొండు నెలలుగ మా తాననే.

మొన్న ఎండకాలం రవీందర్ పేరు మీద కోర్టుల కాయితం పడ్డది. తల్లి డ్యూటీకి పోతది, పిల్ల ఎవల చేతులల్లనో పెరుగుతది, తల్లీబిడ్డలకు అనుబంధమే లేదు, కాబట్టి పిల్లను మాకు ఇప్పియ్యాలె అని. ఎవల చేతులు అంటే నా చేతులే. ఇద్దరు కొడుకులను పెంచిన చేతులు, కాయితంల "ఇతరులు" అయినయి. కోర్టు వాళ్లు పిల్లల మానసిక నిపుణురాలి దగ్గరికి పంపిన్రు, అనుబంధం ఉన్నదో లేదో కొలిచి చెప్పమని. వచ్చే నెల పద్నాలుగున వాయిదా. ఈ నాలుగు పేజీలు అట్లనే జడ్జి బల్ల మీదికి పోతే పిల్ల మలక్‌పేటకు పోతది. అంతే ముచ్చట.

ఆ కొలిచిన రోజు నేను అక్కడనే ఉన్న. అదే నా బాధ.

నిపుణురాలి పేరు విమలాదేవి. యాభై ఏండ్ల మనిషి, నెమ్మదిగ మాట్లాడుతది, కండ్లద్దాలు గొలుసుకు వేలాడుతుంటయి. గది నిండ బొమ్మలు. గదికి ఒక దిక్కు పెద్ద అద్దం, అవతలి నుంచి మనం చూడొచ్చు, లోపలోళ్లకు మనం కనబడం. "మీరు ఇటు కూర్చోండి, కానీ మాట్లాడకూడదు" అని నన్ను అద్దం వెనక కూసోబెట్టింది. పరీక్ష ఏందంటే, తల్లి, పిల్ల గదిల ఆడుకుంటరు. ఎవరో తెలవని అమ్మాయి వస్తది. తల్లి బయటికి పోతది. మూడు నిమిషాలకు మళ్ల వస్తది. ఇట్ల రెండు సార్లు. పోయినప్పుడు పిల్ల ఎట్ల ఉన్నది, వచ్చినప్పుడు ఏం చేసింది అని రాసుకుంటరు. వచ్చినప్పటిదే అసలు ముఖ్యమట.

లావణ్య బయటికి పోయింది. శ్రీహిత తలుపు దిక్కు చెయ్యి ఊపింది, బొమ్మ రైలు తీసింది. రోజూ పొద్దున ఏడింటికి ఊపే చెయ్యే అది. మూడు నిమిషాలకు లావణ్య తలుపు తీసింది. పిల్ల లేచింది. రెండడుగులు ముందుకు వేసి టక్కున ఆగింది. వెనక్కి, వెనక్కి, గోడకు ఆనుకున్నది. రెండు చేతులు వీపు వెనక పెట్టుకున్నది. ఆ మూల, ఈ మూల చూసింది. లావణ్య కూడ గడప కాడనే ఆగింది. ఇద్దరు నాలుగడుగుల దూరంల నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నరు.

అప్పుడు నాకేమనిపించిందో తెలుసునా? గర్వమనిపించింది. "శభాష్ నా బిడ్డ, పరాయి జాగల కూడ మరిచిపోలే" అనుకున్న. నా పక్కన విమలాదేవి గారు కాయితం మీద ఏదో అంకె వేసి దాని చుట్టూ గుండ్రంగ గీసింది. నేను ఆ అంకె మంచిదే అనుకున్న.

ఎందుకు గర్వపడ్డనో చెప్తా. నిమ్ము చేసినంక డాక్టరు ఒక్కటే చెప్పిండు: దవాఖాన నుంచి వచ్చినంక కడుక్కోకుంట పిల్లను ముట్టొద్దు అని. లావణ్య దాన్ని వేదవాక్కు చేసింది. ఇంటికి రాంగనే చెప్పులు బయట, వాకిట్ల నల్లా కాడ కాళ్లు, చేతులు సబ్బుతో, ముఖం, ఆ తర్వాత లోపటికి పోయి బట్టలు మార్చుకొనుడు. అప్పటిదాక పిల్ల మీద పడొద్దు. పాకే పిల్లకు ఇది ఎట్ల నేర్పాలె? రోజూ సాయంత్రం నేనే దాన్ని గోడకు ఆనిచ్చి, రెండు చేతులు వెనక్కి పట్టుకొని, "కాళ్లు కడుగు చెల్లే, చేతులు కడుగు చెల్లే" అని పాట పాడేదాన్ని. నడక వచ్చేసరికి పిల్ల తనంతట తనే గోడకు ఆనుకునుడు నేర్చింది. మా వాడకట్టుల అందరికి అది ఒక తమాష. పాలకొచ్చినోళ్లు ఆగి చూసి పోతరు.

ఇంత కష్టపడి నేర్పిన బుద్ధికి వాళ్లు పెట్టిన పేరు, తప్పించుకునుడు.

"రాజీనామా లేదు గీజీనామా లేదు," అన్న నేను. "రేపు డ్యూటీకి పో. నేను విమలాదేవి గారి తానకు పోతా."

"లొల్లి పెట్టుకోకు అక్కా. వాళ్ల చేతిలనే ఉన్నది."

"లొల్లి ఎందుకు పెట్టుకుంట? అర్థం చెప్పి వస్త."

పొద్దున పదకొండింటికి విమలాదేవి గారి గదిల ఉన్న. అర్థం చెప్పుడు లొల్లి తోనే మొదలైందని ఒప్పుకుంటున్న.

"మేడం, పిల్ల చూపు పక్కకు తిప్పుకున్నదని రాసిన్రు. తిప్పుకోలేదు. నల్లా యాడుందో దేవులాడింది."

ఆమె కండ్లద్దాలు పెట్టుకున్నది. "నల్లానా?"

మొత్తం చెప్పిన. చెప్తూ చెప్తూ లేచి, ఆమె గది గోడకు ఆనుకొని చేతులు వెనక్కి పెట్టి చూపించిన కూడ. తలుపు కాడ అటెండరు నన్ను చూసి వెనక్కి పోయిండు.

"అమల గారూ, ఈ పద్ధతి ఎన్నో దేశాల్లో వాడేది. ఎక్కడైనా గది ఒకటే, నిమిషాలు ఒకటే. అలా ఉంటేనే పోల్చగలం."

"గది ఒకటే మేడం, సరే. పిల్ల ఒకటేనా? మీ నడవల పది మంది పిల్లలు దగ్గుతుండె. మా చెల్లె ఆ నడవల మూడు నిమిషాలు నిలబడి వచ్చింది. ఆ కాళ్లతో వచ్చి పిల్లను ఎట్ల ఎత్తుకుంటది? అది ఎత్తుకోకపోవుడే పాణం, మీరు దానికే మార్కులు కోసిన్రు."

"తల్లిని ఏమని పిలుస్తుంది? నాకు ఒక్క మాటా వినిపించలేదు."

"తెల్లె."

"అదే మాట రెండుసార్లు అన్నది, నేను తెల్లని బొమ్మ అడుగుతుందేమో అనుకున్నాను."

"చెల్లె మేడం. నేను లావణ్యను చెల్లే అని పిలుస్త. పిల్ల నా నోట విని అదే పట్టుకున్నది. మా వాడకట్టుల సగం మంది పిల్లలు కన్నతల్లిని అమ్మ అని పిలవరు. ఇంట్ల నలుగురు ఏమని పిలిస్తే అదే పిలుస్తరు. ఒగడైతే తల్లిని 'ఏయ్' అంటడు. వాళ్ల నాయిన పుణ్యం."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకున్నది. ఆపుకొని ఫైలు తెరిచింది. ఒక కాయితం నా ముంగట పెట్టింది. పరీక్షకు ముందు ఇంటోళ్లు నింపే ఫారం అది. పదకొండో ప్రశ్న: పిల్లను దగ్గరికి తీసుకునే విషయంలో మీ ఇంట్లో ప్రత్యేకమైన అలవాట్లు, నియమాలు ఏమైనా ఉన్నాయా? దాని కింద నీలం ఇంకుతో, చక్కటి గుండ్రటి చేతిరాత: ఏమీ లేవు.

ఆ చేతిరాత నాదే.

"మీరు ఇక్కడ రాసి ఉంటే నేను గదిలో నీళ్లు పెట్టించేదాన్ని," అన్నది ఆమె, మెల్లగ.

నిజమే, రాయలేదు. ఎట్ల రాస్త? కాళ్లు కడుక్కునుడు అలవాటు అని ఎవరైన రాస్తరా? అన్నం కుడి చేత్తో తింటమని రాస్తమా? ప్రత్యేకం అంటే ఏదో పూజ, ఏదో మొక్కు అనుకున్న. మా ఇంట్ల అటువంటివేమి లేవు, మామూలు మనుషులం అని చెప్పుకుందామని గుండ్రంగ, అందంగ రాసిన. నా చెల్లె బిడ్డను నా చేత్తోనే నేను మలక్‌పేటకు పంపిస్తున్న.

కాని తప్పు నాది అయినంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడుంది? ఇంకా పెరిగింది.

"సరే మేడం, తప్పు రాసిన. నాకు శిక్ష వేయండి. పిల్లకెందుకు వేస్తరు? మా ఇంటికొచ్చి చూడండి. సాయంత్రం అయిదున్నరకు. ఇంకొకటి. తండ్రికి పాణం ఉన్నదో లేదో ఎవరు కొలిచిన్రు?"

"తండ్రి గురించి కోర్టు అడగలేదు."

"కోర్టు నా గురించి కూడ అడగలేదు, 'ఇతరులు' అని రాసిన్రు కదా. పిల్లను కావాలన్నది ఆయన, పరీక్షేమో తల్లికా? అదే గదిల ఆయనను కూసోబెట్టి తలుపేయండి. నేను అద్దం వెనక నోరు మూసుకొని కూసుంట."

"అది మీ వల్ల అవుతుందా?" అన్నది విమలాదేవి గారు. ఆమెకు కూడ నోరుందని అప్పుడు తెలిసింది.

గురువారం వచ్చింది ఆమె. మా సందుల ఆటో రాదు, బర్రెలు అడ్డం ఉంటయి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని పేడ తప్పించుకుంట నడిచొచ్చింది. చాయ్ ఇస్తే తాగింది. బెల్లం ఎక్కువైందేమో అని అడిగితే, సరిపోయిందన్నది. మూలకు కుర్చీ ఏసుకొని గడియారం చేతిల పట్టుకున్నది.

అయిదు నలభైకి స్కూటీ సప్పుడైంది. శ్రీహిత ఆడుతున్న చెంచా పడేసి గడప దాక ఉరికింది, ఆగింది, వెనక్కి నడిచి క్యాలెండరు కింద గోడకు ఆనుకున్నది. చేతులు వెనక్కి. లావణ్య నల్లా విప్పింది.

"కాల్లు!" అన్నది పిల్ల.

"కడుగుతున్న బిడ్డా."

"తేతులు!"

"అవి కూడ. ఏం తిన్నవ్ ఇయ్యాల? పెద్దమ్మ పప్పు పెట్టిందా?"

పిల్ల మనిషంతా ముందుకు వంగింది, కాళ్లు మాత్రం గోడ కాడ. పాలకు ఇడిచే ముందు తాడు మీద ఉన్న దూడ లెక్క వణుకుతున్నది. లావణ్య లోపటికి పోయి నైటీ వేసుకొని వచ్చి నేల మీద కూసోని చేతులు చాపింది. ఇగ చూడాలె! పిల్ల పోయి గుద్దుకున్నది. ముఖం తల్లి మెడల పెట్టి, జుట్టు పిడికిట పట్టి, "తెల్లె, తెల్లె, తెల్లె" అని తిట్టినట్టే పిలిచింది. లావణ్య చాయ్ కోసం లేవబోతే ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచింది.

విమలాదేవి గారు గడియారం ఆపింది.

"నాలుగు నిమిషాలు పది సెకన్లు," అన్నది. "మూడు నిమిషాలకు మేము రాయడం ఆపేస్తాం."

"మీ మూడు నిమిషాలకు మా చెల్లె ఇంకా సబ్బు కాడనే ఉంటది మేడం."

ఆమె వాపసు పోయి కొత్త రిపోర్టు రాసింది. పాతది చింపలేదు, చింపుడు కుదరదట, పక్కన పెట్టి పిన్ను కొట్టిందట. తప్పు కాయితానికి, ఒప్పు కాయితానికి ఒకటే పిన్ను. జడ్జి ఏది ముందు చదువుతడో ఆయన ఇష్టం. ఇది విని నేను ఏం తిట్టిననో రాస్తే ఎవ్వరు అచ్చు వేయరు.

కాని ఒక పని చేసింది. తండ్రిని కూడ చూడాలె అని కోర్టుకు రాసి, అనుమతి తెచ్చింది. ఎనిమిదో తారీఖు, శనివారం.

రవీందర్ పిల్లంత ఎత్తు ఎలుగుబంటి బొమ్మతో వచ్చిండు. వెనక కొమురమ్మ, పట్టుచీరల. అద్దం వెనక ఆమె నా పక్క కుర్చీలనే కూసున్నది. మాట్లాడొద్దని ఆమెకు కూడ చెప్పిన్రు. ఆమె వినలేదు.

లావణ్య పిల్లను దింపి, బొమ్మలు చూపించి, బయటికి పోయింది. రోజూ ఊపే చెయ్యి పిల్ల ఊపలేదు. తెలవని మొగాయన ఒకడు, తెలవని ఎలుగుబంటి ఒకటి, రెండింటి నడుమ నిలబడి కింది పెదవి బయట పెట్టింది. తర్వాత ఏడుపు. ఊపిరి తిప్పుకోకుంట, ముఖమంతా ఎర్రగ.

"చూసినవా అమలా," అన్నది కొమురమ్మ. "నాయినను చూసి కడుపు తరుక్కుపోయింది. ఎన్నొద్దులాయె! తల్లి పోతే ఏడవదట గాని."

"అత్తమ్మా, అది భయం."

"పాణం అది! మేడం, రాసుకోండి. తండ్రి కాడ ఏడ్చింది అని రాసుకోండి."

ఆ నాలుగు పేజీల లెక్క ప్రకారం ఏడ్చుడు మంచిదే. ఏడవకపోతే పాణం లేదన్నరు కదా. ఇప్పుడు ఏడ్చింది, మరి పాణం ఉన్నదని రాస్తరా? అన్ని చదువుల తర్వాత పిల్ల పోయేది వచ్చేది ఈ ముసలామె చెప్పే అర్థం మీదనా?

రవీందర్ ఎలుగుబంటిని ఊపిండు. బండి హారను లెక్క నోటితో సప్పుడు చేసిండు. పిల్ల తలుపు కాడికి పోయి రెండు చేతులతో కొట్టింది. వాడు మోకాళ్ల మీద దాని వెనక కూసున్నడు. చెయ్యి చాపిండు, ముట్టలేదు. ఒకసారి అద్దం దిక్కు చూసిండు. వానికి మేం కనబడం, వాని ముఖమే వానికి కనబడ్డది.

లేచి తలుపు తెరిచిండు.

స్పీకరుల విమలాదేవి గారు, "రవీందర్ గారూ, ఇంకా రెండు నిమిషాలుంది" అన్నది.

"మీ నిమిషాలు మీ దగ్గరనే పెట్టుకోండి మేడం! పిల్ల గట్ల ఏడుస్తుంటే చూసుకుంట రాస్తున్నరా? మనుషులా మీరు?" వాడు అంత గట్టిగ మాట్లాడంగ నేను ఎన్నడు వినలేదు. "లావణ్యా! లావణ్యా, ఇటు రా జర."

లావణ్య ఉరికొచ్చింది. నీళ్ల గది పక్కనే నిలబడ్డదేమో, చేతులు తడి మీదున్నయి. పిల్లను ఎత్తుకున్నది. పిల్ల వెక్కుతనే ఉన్నది.

నేను, కొమురమ్మ నడవలకు వచ్చినం. "అరేయ్, పిచ్చోడా, పిల్ల నీ మీద పాణంతోనే ఏడ్చింది, మేడం రాస్తుండె," అని ఆమె మొదలు పెట్టింది.

"ఊకో అమ్మా," అన్నడు రవీందర్. "అది నన్ను చూసి ఏడ్చింది. నాకు తెలవదా?"

బెంచీ మీద కూసున్నడు. ఎలుగుబంటిని కూడ పక్కన కూసోబెట్టిండు. నా దిక్కు తిరిగిండు.

"వదినా, ఏమంటే ఊకుంటది అది?"

చెప్పొద్దనుకున్న. పదకొండు నెలలు కడుపుల దాచిన తిట్లు నాలుక చివరనే ఉన్నయి. ఒక్కటి తిట్టినా ఆ రోజు నాకు నిద్ర మంచిగ పట్టేది.

"బర్రె అరిచినట్టు అరువు," అన్న.

నేను ఎక్కిరిస్తున్న అనుకున్నడు. లావణ్య దిక్కు చూసిండు. అది తల ఊపింది. నలుగురు తిరిగే నడవల, ఇస్త్రీ చొక్కల, వాడు మెల్లగ "మ్‌బా" అన్నడు. పిల్ల తల్లి భుజం మీది నుంచి తల ఎత్తింది. ముక్కు కారుతనే ఉన్నది. ఇంకోసారి అన్నడు. నవ్వలేదు అది, ఏడుపు మాత్రం ఆపి చూసింది.

విమలాదేవి గారు తలుపు కాడ నిలబడి ఉన్నది. చేతిల కాయితం ఉన్నది, పెన్ను లేదు.

"వకీలుకు చెప్త," అన్నడు రవీందర్, లావణ్యతోనా మేడంతోనా తెలవకుంట. "పిల్లను పంపమని అడిగినం కదా, అది తీసేయమని చెప్త. నేనే వచ్చి చూసి పోత. ఆదివారం ఎన్నింటికి రావాలె?"

కొమురమ్మ నోరు తెరిచింది. వాడు ఆమె దిక్కు చూడలేదు.

లావణ్య పిల్ల ముక్కు కొంగుతో తుడిచింది. "పదకొండుకు," అన్నది. "పదింటికి దానికి తలంటు ఉంటది. ఆ టైముల వస్తే మళ్ల నిన్ను చూసే ఏడుస్తున్నది అనుకుంటవ్."